ఇంటికి అందం, సృష్టికి ఆదరణ

కుటుంబ పాఠం

చదువవలసిన లేఖన భాగాలు: ఆదికాండము 2:15, నిర్గమకాండము 35:30-35, సీరా జ్ఞానగ్రంథము 38:29-34, యోహాను 6:12.



పండుగ వస్తున్నదంటే ఇంటికి సున్నం వేయిస్తాము. క్రొత్త తెరలు కడతాము, పిల్లలకు క్రొత్త బట్టలు తీస్తాము, నలుగురు వచ్చే ఇల్లు కదా అని నాలుగు మంచి వస్తువులు కొంటాము. ఇందులో తప్పు లేదు. అయితే పండుగ వెళ్ళిన మరునాడు మన ఇంటి ముందు, మన దేవాలయ ఆవరణలో మిగిలే చెత్తను ఒకసారి చూడండి. థర్మాకోల్ ముక్కలు, మెరుపు కాగితాలు, ప్లాస్టిక్ గ్లాసులు, ఒక్క రోజుకోసం కట్టిన ఫ్లెక్సీలు కనిపిస్తాయి. వాటిని ఎక్కడికో తీసుకువెళ్ళి తగులబెడతారు. ఆ పొగ సాధారణంగా చేరేది ఊరి చివర కాపురముంటున్న పేదవారి ఇళ్ళకే. మనకు ఒక్క పూట ముచ్చట తీర్చిన వస్తువు వారి బిడ్డలకు దగ్గును మిగులుస్తుంది.

కనుక ఇంటికి, నిత్యజీవితానికి కావలసిన వస్తువులను అందంగా ఉండేటట్లు, సృష్టికి హాని చేయకుండా ఉండేటట్లు ఎలా ఎన్నుకోవాలి అనే విషయాన్ని ఈ వారం విశ్వాస వెలుగులో ఆలోచిద్దాము.

1. అందాన్ని కోరడం తప్పా?

కొందరు భక్తిపరులు "మనకెందుకీ సోకులు? ఏదో ఒకటి, చవకగా దొరికితే చాలు" అంటారు. మరికొందరు పక్కింట్లో ఏమి కొన్నారో చూసి, వాయిదాల మీదనైనా అదే తెచ్చుకుంటారు. ఈ రెండు మార్గాలూ పరిశుద్ధ గ్రంథము చూపే మార్గం కాదు.

నిర్గమకాండములో బెసలేలును చూడండి. గుడారానికి కావలసిన వస్తువులను తయారు చేయడానికి దేవుడు అతనిని పేరుపెట్టి పిలిచాడు, తన ఆత్మతో నింపాడు. కొయ్య చెక్కడం, రాళ్ళు పొదగడం, నేయడం, కుట్టుపని చేయడం ఇవన్నీ దేవుని ఆత్మ ఇచ్చిన వరాలని అక్కడ చెప్పబడింది. సామెతల గ్రంథము 31వ అధ్యాయంలోని గుణవతి అయిన ఇల్లాలు ఉన్నిని, నారను స్వయంగా ఎంచి తెచ్చుకుంటుంది. తన ఇంటివారికి మంచి బట్టలు సిద్ధం చేస్తుంది. అడవి పువ్వుల సొగసు సొలోమోను వైభవాన్ని మించినదని చెప్పినవాడు మన ప్రభువే. సిలువ చెంత సైనికులు చీట్లు వేసుకొన్న ఆయన అంగీ, కుట్టు లేకుండా పైనుండి క్రిందివరకు ఒకటిగా నేసినదని పునీత యోహాను వ్రాశాడు (19:23). దానిని చింపడానికి సైనికులకు సైతం మనసు రాలేదు. చేతిపనికి ఉన్న విలువ అది.

రెండవ వాటికన్ మహాసభ 1963లో దైవార్చనను గూర్చి వెలువరించిన పత్రంలో (124వ పేరా) దేవాలయ కళలకు ఒక కొలత పెట్టింది. ఆర్భాటంతో కూడిన ఖరీదు కంటే ఉదాత్తమైన అందాన్ని కోరుకోవాలన్నదే ఆ కొలత. దేవాలయంలో వాడే వస్తువులు నిజమైన పదార్థాలతో చేసినవై ఉండాలని కూడా పూజా గ్రంథపు సాధారణ నియమాలు సూచిస్తాయి. కుటుంబం గృహ శ్రీసభ కదా! దేవాలయానికి పెట్టిన కొలత మన ఇంటికీ సరిపోతుంది. ఆర్భాటం లేని అందం, నటన లేని పదార్థం, పదికాలాల మన్నిక ఉన్న వస్తువే క్రైస్తవ గృహానికి నిజమైన అలంకారం.

2. కొనడం కూడా ఒక నైతిక కార్యమే

బజారులో డబ్బు ఇచ్చి వస్తువు తెచ్చుకోవడం మన సొంత వ్యవహారమని అనుకుంటాము. శ్రీసభ బోధ అంతకంటే లోతైనది. కొనుగోలు చేయడం ఆర్థిక విషయం మాత్రమే కాక, ఎల్లప్పుడూ నైతిక కార్యం కూడా అని పదహారవ బెనెడిక్టు పోపుగారు 2009లో వ్రాసిన విశ్వలేఖలో (66వ పేరా) బోధించారు. ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో (206వ పేరా) ఆ మాటనే మళ్ళీ గుర్తుచేశారు. అదే లేఖ 211వ పేరాలో ప్లాస్టిక్, కాగితం వాడకం తగ్గించడం, తినగలిగినంతే వండుకోవడం, అక్కరలేని దీపాలు ఆర్పడం, వస్తువును వెంటనే పారవేయక మరలా వాడుకోవడం వంటి చిన్న పనులను వారు పేర్కొన్నారు. పోపుగారి లేఖలో చోటు దొరికిన ఈ పనులు చిన్నవని మనం తీసివేయరాదు.

ఆదికాండము 2:15లో దేవుడు మానవుని తోటలో ఉంచింది దానిని సాగుచేయడానికి, కాపాడడానికి. వేలమందికి రొట్టెలు పంచిన తరువాత ప్రభువు మిగిలిన ముక్కలను ఏరమన్నాడు, ఏదీ వ్యర్థం కాకూడదన్నాడు. అద్భుతంగా వచ్చిన రొట్టెనే వ్యర్థం చేయవద్దన్నప్పుడు, చెమటోడ్చి సంపాదించిన డబ్బుతో తెచ్చుకొనే వస్తువుల విషయంలో మనమెంత జాగ్రత్తగా ఉండాలి!

3. కొనేముందు నాలుగు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ఇది మనకు నిజంగా కావాలా? ఇంట్లో ఉన్నదానితో సరిపోదా?

ఈ ప్రశ్నకే మొదటి స్థానం ఇవ్వాలి. ఎందుకంటే "పర్యావరణానికి మేలు" అన్న మాట ఇప్పుడు వ్యాపార ప్రకటనలకు కూడా ఎక్కింది. ఉన్న మంచి డబ్బాలన్నీ పారవేసి వెదురు మూతల గాజు సీసాలు కొనడం సృష్టికి సేవ కాదు. నూలు సంచి సంగతే చూడండి. 2011లో బ్రిటన్ ప్రభుత్వ పర్యావరణ సంస్థ ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, భూతాపం విషయంలో నూలు సంచి ఒక్కసారి వాడి పారవేసే పలుచని ప్లాస్టిక్ సంచి కంటే మేలనిపించుకోవాలంటే దానిని 131 సార్లు వాడాలి. వారానికి రెండుసార్లు బజారుకు తీసుకువెళితే సుమారు 15 నెలలు. పత్తి పండించడానికి, నేయడానికి అంత నీరు, అంత శ్రమ పడతాయి. కనుక ప్రతి సభలోను ఇచ్చే నూలు సంచులను పోగుచేసుకోవడంలో మేలేమీ లేదు. పాత చీరతోనో, అరిగిన ప్యాంటుతోనో రెండు సంచులు కుట్టించి చిరిగేదాకా వాడడం మేలు.

రెండవ ప్రశ్న: ఇది దేనితో తయారైంది? పాడైన తరువాత ఎక్కడికి పోతుంది?

బట్టల దుకాణాలలో ఇచ్చే, గుడ్డలా కనిపించే రంగురంగుల సంచులు చాలావరకు గుడ్డవి కావు. అవి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగులను వేడితో అంటించి చేసినవి. కాగితపు టీ గ్లాసులకు లోపల పలుచని ప్లాస్టిక్ పూత ఉంటుంది, అందుకే అవి టీకి నానవు. "నార", "సహజం" అన్న పేర్లు చూసి మోసపోకుండా చేత్తో తాకి చూసి, దుకాణదారుని అడిగి తెలుసుకోవాలి. 1991లో మన కేంద్ర ప్రభుత్వం పర్యావరణానికి తక్కువ హాని చేసే వస్తువులకు 'ఎకోమార్క్' అనే గుర్తును ప్రవేశపెట్టింది. 2024లో దానికి క్రొత్త నియమాలు వచ్చాయి. ఆ గుర్తుకు ఎన్నుకొన్న చిహ్నం మన మట్టికుండ! మట్టినుండి వచ్చి, పని చేసి, పగిలి మట్టిలో కలిసిపోయే కుండకంటే మంచి చిహ్నం ఏముంటుంది?

మూడవ ప్రశ్న: దీనిని ఎవరు చేశారు? వారికి న్యాయమైన కూలి అందిందా?

సీరా జ్ఞానగ్రంథము 38వ అధ్యాయం సారె ముందు కూర్చొన్న కుమ్మరిని, కొలిమి వద్ద కమ్మరిని మన కళ్ళముందు నిలుపుతుంది. వారు లేకుండా నగరమే నిలవదని, వారి పనే వారి ప్రార్థన అని బోధిస్తుంది. 2019-20 చేనేత గణన ప్రకారం మన దేశంలో సుమారు 35 లక్షలమంది చేనేత, దాని అనుబంధ పనులపై ఆధారపడి ఉన్నారు. వారిలో 70 శాతానికి పైగా స్త్రీలే. మనం కొనే ఒక్కొక్క చీర, తువాలు, దుప్పటి వారి ఇంటి పొయ్యికి సంబంధించినది. పెద్ద దుకాణాలలో అట్టమీద ఉన్న ధరను మారుమాట్లాడకుండా చెల్లించే మనం, వీధిలో వెదురు చాట అమ్మే ముసలమ్మతో ఐదు రూపాయలకు వాదిస్తాము. కూలివాని కూలిని ప్రొద్దు క్రుంకకముందే చెల్లించమన్న ద్వితీయోపదేశకాండము (24:14-15) మాట ఆ వాదన సమయంలో మనకు గుర్తు రావాలి.

నాలుగవ ప్రశ్న: ఇది ఎన్నేండ్లు మన్నుతుంది? పాడైతే బాగుచేయించుకోవచ్చునా?

ధరను అది మన్నే ఏండ్లతో భాగించి చూడండి. 300 రూపాయల దుస్తులు ఒక్క ఏడాదికే వెలిసిపోయి, 900 రూపాయలవి నాలుగేండ్లు మన్నితే, ఏడాదికి మొదటిదానికి 300, రెండవదానికి 225 రూపాయలు పడినట్లు. చవక అనుకొన్నదే ఖరీదైనది.

4. మన ఇంట్లో ఎక్కడెక్కడ?

వంటింట్లో: వేడి కూరను, చారును పాలిథిన్ సంచులలో తెచ్చుకోవడం మానుకోండి. హోటలుకు వెళ్ళేటప్పుడు స్టీలు క్యారియరు వెంట తీసుకువెళ్ళండి. ఇత్తడి, రాగి పాత్రలు అటక మీద ఉంటే దించి తోమి వాడండి. అయితే కళాయి పూత లేని పాత్రలలో చింతపండు పులుసు, మజ్జిగ వంటి పుల్లని పదార్థాలు ఉంచరాదు. చిలుము ఏర్పడి ఆరోగ్యానికి హాని కలుగుతుంది. మంచినీటికి మట్టికూజా పెట్టుకోండి. కుండ చెమర్చి, ఆ తడి ఆరేటప్పుడు వేడిని లాగివేస్తుంది కనుక నీరు చల్లబడుతుంది. గాలి పొడిగా ఉండే ప్రాంతాలలో ఇది ఎక్కువగా, ఉక్కపోత ఉండే సముద్రతీరంలో కొంత తక్కువగా పనిచేస్తుంది. పాత్రలు తోమడానికి కొబ్బరి పీచు, ఒళ్ళు రుద్దుకోవడానికి ఎండిన బీరకాయ పీచు ఉంటే ప్లాస్టిక్ పీచుతో పని లేదు. పెరట్లో ఒక బీర పాదు వేస్తే ఏడాదికి సరిపడా పీచు చేతికి వస్తుంది.

బట్టలలో: మన నేలంత నేత వైవిధ్యం ఉన్న చోట్లు అరుదు. మంగళగిరి నూలు చీర, ఉప్పాడ, వెంకటగిరి, గద్వాల, నారాయణపేట, పోచంపల్లి, పొందూరు ఖాదీ ఒక్కొక్కటి ఒక్కొక్క అందం. వరంగల్లు జంపఖానాలు, ఏలూరు తివాచీలు ఇంటికి నిండుదనం తెస్తాయి. పాలియెస్టరు బట్ట కూడా ఒక రకమైన ప్లాస్టిక్కేనని, ఉతికినప్పుడల్లా దాని సన్నని నూగు నీటిలోకి పోతుందని గుర్తుంచుకోండి. అసలును నకిలీనుండి వేరుచేయడం నేర్చుకోండి. పోచంపల్లి ఇక్కత్‌లో పోగులకు ముందే రంగు అద్ది తరువాత నేస్తారు కనుక డిజైను రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది. అచ్చు వేసిన నకిలీ బట్ట వెనుకవైపు వెలవెలపోతుంది. మచిలీపట్నం, పెడన కలంకారీలో కరక్కాయ, ఇనుప తుక్కు, బెల్లం, పటిక, నీలి వంటివాటితో రంగులు తయారవుతాయి. చెక్క అచ్చులతో చేత్తో అద్దుతారు కనుక పువ్వుకు పువ్వుకు మధ్య చిన్న తేడా ఉంటుంది. ఆ తేడాను లోపమనుకోకండి, అది మనిషి చేతి గుర్తు. చేనేత బట్ట కొనేటప్పుడు 'హ్యాండ్లూమ్ మార్క్' చీటీ ఉన్నదేమో అడగండి.

పాత బట్టలను కూడా మరువకండి. మన అమ్మమ్మలు మెత్తబడిన పాత చీరలను మడతలు పేర్చి, రంగుల అంచులు పైకి వచ్చేలా కుట్టిన బొంతలను చూడండి. ఏ పత్రికలోని ఫోటోకూ తీసిపోని అందం వాటిది. ఖర్చు దారం ఖరీదే.

అలంకరణలో, ఆటవస్తువులలో: ప్లాస్టిక్ పూలగుత్తి దుమ్ము పట్టి వెలిసిపోతుంది. దానికి బదులు కిటికీ దగ్గర మట్టికుండీలో తులసో, కలబందో పెంచండి. తుంగ చాప, ఈతాకు చాప, తాటాకు బుట్ట, వెదురు తట్ట ఇంటికి వన్నె తెస్తాయి, మేదర కుటుంబానికి కూడు పెడతాయి. పిల్లల బొమ్మలకు ఏటికొప్పాక, కొండపల్లి ఉండగా దూరం పోనక్కరలేదు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి లక్కతో మెరుగు పెడతారు. కొండపల్లిలో తేలికైన తెల్ల పొణికి కర్రతో చెక్కుతారు. నోట్లో పెట్టుకొనే పసిపిల్లలకు కొనేటప్పుడు మాత్రం మొక్కల రంగులు వేసినవేనా అని తప్పక అడగండి.

దీపాలు, ఫ్యాన్లు: సాధారణ సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే, బి.ఎల్.డి.సి. మోటారు ఉన్న క్రొత్త రకం ఫ్యాను సుమారు 30 వాట్లతో తిరుగుతుంది. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు ఒక్కొక్క ఫ్యానుకు 16 యూనిట్ల ఆదా. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుగును 9 వాట్ల ఎల్.ఇ.డి. ఇస్తుంది. బాగా తిరుగుతున్న ఫ్యానును తీసి పారవేయమని కాదు. మార్చవలసిన రోజు వచ్చినప్పుడు స్టార్ గుర్తు చూసి ఎన్నుకోండి. 2023 నుండి సీలింగ్ ఫ్యాన్లకు కూడా ఆ గుర్తు తప్పనిసరి చేశారు.

5. పండుగలు, వేడుకలు

2022 జూలై 1 నుండి మన దేశంలో ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మాకోల్, మిఠాయి పెట్టెలకు, శుభలేఖలకు చుట్టే ప్లాస్టిక్ పొర, 100 మైక్రాన్లకంటే పలుచని పి.వి.సి. బ్యానర్లు నిషేధింపబడ్డాయి. చట్టం చెప్పకముందే విశ్వాసులు చేయవలసిన పని ఇది. కనీసం చట్టం చెప్పిన తరువాతనైనా మన విచారణలు ముందు నిలవాలి.

ప్రథమ దివ్యసత్ప్రసాద స్వీకరణకు పిల్లలకు ఒక్క పూటకే పనికివచ్చే మెరుపుల గౌను అవసరమా? తెల్లని నూలు బట్టతో సాదాగా కుట్టిస్తే ఆ బిడ్డ తరువాత ఆదివారాలలో కూడా వేసుకుంటుంది. అప్పుచేసి గౌను కొనలేక పిల్లను ఆ సంవత్సరానికి ఆపుకొనే తల్లి బాధ కూడా తీరుతుంది. విచారణలోని పిల్లలందరికీ ఒకే తాను నుండి బట్ట తీస్తే ధనిక, పేద తేడా పీఠం ముందు కనిపించదు.

క్రిస్మస్‌కు వెదురు బద్దలు, రంగు కాగితంతో పిల్లలే నక్షత్రం కట్టవచ్చు. పశువుల పాకకు థర్మాకోల్ కొండలు ఎందుకు? నిజమైన గడ్డి, మట్టి, తాటాకు ఉంటే బెత్లెహేముకు మరింత దగ్గరవుతాము. విందులకు అరటి ఆకులు, మన్యంలో గిరిజనులు సేకరించే అడ్డాకుల విస్తళ్ళు వాడవచ్చు. ఒక్కొక్క విచారణ రెండు వందల స్టీలు పళ్ళెములు, గ్లాసులు కొని భద్రపరచి, బాప్తిస్మానికి, పెళ్ళికి, ఆబ్దికానికి కోరిన కుటుంబాలకు నామమాత్రపు రుసుముతో ఇస్తే ఎంత మేలు! యువతీ యువకుల సంఘానికి ఇది మంచి సేవా కార్యక్రమం. ఫ్లెక్సీకి బదులు తేదీ వ్రాయని గుడ్డ బ్యానరును రంగులతో వ్రాయిస్తే ప్రతి సంవత్సరం పనికివస్తుంది.

6. "ఇవన్నీ డబ్బున్నవారికే కదా?"

ఇది న్యాయమైన ప్రశ్న. చేనేత చీర మిల్లు చీరకంటే ఖరీదు. కూలికి వెళ్ళే కుటుంబం పండుగకు చవక చీర కొన్నదని ఎవరూ తప్పుపట్టరాదు. నిజం చెప్పాలంటే సృష్టికి తక్కువ బరువు మోపేవారు పేదలే. చిరిగినది కుట్టుకొని, పగిలినది అతుకువేసుకొని, ఉన్నదానితో సరిపెట్టుకొనేది వారే. వారికి పాఠం చెప్పేముందు వారినుండి మనం నేర్చుకోవాలి. ఈ పాఠం ముఖ్యంగా అవసరానికి మించి కొనగలిగినవారికి. ఏడాదికి ఆరు చీరలు కొనేవారు మూడే కొని, ఆ మూడూ మగ్గం మీద నేసినవి తీసుకొంటే ఖర్చు పెరగకపోవచ్చు. బీరువాలో చోటు మిగులుతుంది, ఒక నేత కుటుంబానికి పని దొరుకుతుంది.

అయితే ఒక హెచ్చరిక. చేనేత కట్టినవారు పాలియెస్టరు కట్టినవారిని చిన్నచూపు చూస్తే, ఆ చీర మళ్ళీ ఆర్భాటంగానే మారిపోతుంది. 1979లో పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు పర్యావరణానికి పాలక పునీతునిగా ప్రకటించింది అస్సీసిపుర ఫ్రాన్సిస్‌ను. ఆయన బట్టల వ్యాపారి కుమారుడు. ఖరీదైన బట్టల విలువ తెలిసినవాడే వాటిని విడిచి ముతక అంగీ తొడిగాడు. సృష్టిని ప్రేమించడం, పేదను ప్రేమించడం ఆయనలో రెండు వేరువేరు పనులు కావు. మనలో కూడా కాకూడదు.

కుటుంబంలో చర్చించుకొనుటకు

1. గత సంవత్సరం కొన్న వస్తువులలో ఇప్పుడు వాడనివి ఏవి? ఎందుకు కొన్నాము?
2. మన ఊరిలో, చుట్టుప్రక్కల కుండలు, బుట్టలు, చాపలు, బట్టలు చేసేవారెవరు? వారి పేర్లు మన పిల్లలకు తెలుసా?
3. మన విచారణ పండుగలో మొదట మానివేయదగిన వస్తువు ఏది?

ఈ వారపు నిర్ణయం

ఈ వారం క్రొత్తది ఏదీ కొనకుండా, ఇంట్లో పాడై మూలన పడిన ఒక వస్తువును బాగుచేయించండి. పాత బట్టతో ఒక సంచి కుట్టి గుమ్మం దగ్గర మేకుకు తగిలించండి. బజారుకు బయలుదేరే ప్రతివారి చేతికి అది అందాలి.

ప్రార్థన

నజరేతు ఇంటిలో కొయ్యపని చేసిన ప్రభువా! మా ఇంటిని చక్కగా ఉంచుకొనే నేర్పును, చాలు అనుకొనే మనస్సును మాకు దయచేయండి. మేము కొనే ప్రతి వస్తువు వెనుకనున్న చేతులను మాకు గుర్తుచేయండి. మీరు అప్పగించిన ఈ భూమిని మా బిడ్డలకు పచ్చగా అందించే భాగ్యాన్ని అనుగ్రహించండి. ఆమెన్.